మూడోసారి విన్నదే చప్పుడు

డిక్కీలో పక్కకి తిరిగి పడుకుని ఒక చెవి నేలకి ఆనించండి, రెండో చెవి అరచేత్తో మూసుకోండి, కళ్లు కూడా మూసుకుంటే మరీ మంచిది, కళ్లు పనిచేస్తుంటే చెవులు బద్ధకిస్తాయి అని చెప్పాడు మేస్త్రి. ఆమె అలాగే చేసింది. యాభై మూడేళ్ల మనిషి, నడుముకి పట్టీ బిగించుకున్న మనిషి, పట్టపగలు రోడ్డు పక్కన ఒక పాత పెద్ద బండి డిక్కీలోకి మోకాళ్ల మీద పాక్కుంటూ ఎక్కి సామాను మూటలా ముడుచుకుంది. కింద పరిచిన తివాచీ మేస్త్రి తీసేశాడు. చెవి కింద ఉత్త రేకు, చల్లగా, దుమ్ము గరగరలాడుతూ, ఎప్పటిదో నూనె వాసనతో. తలకి ఆనుకుని మొగుడి సంచి. అందులో పదకొండు చొక్కాలు, ఆరు లుంగీలు, మాత్రల డబ్బా, పైన నీలం ఫైలు. ప్రతి చొక్కా మెడపట్టీకీ లోపలివైపు ఆయన పేరు కుట్టింది, చేర్చబోయే రోగుల హోములో అందరి బట్టలూ కలిపి ఉతుకుతారట, పేరు లేకపోతే ఎవరివి ఎవరికి పోతాయో తెలియదట. నాలుగు రోజులు కుట్టింది, ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చునే కుట్టింది, వెలుతురు అక్కడే బాగుంటుంది కాబట్టి. ఒంటిగంటలోపు చేర్చాలి. ఒంటిగంట దాటితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామని రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పారు. ఇప్పుడు పదకొండు దాటింది. ముందు సీట్లో ఆయన. ఇక్కణ్ణించి చూస్తే తల వెనక భాగం మాత్రం కనిపించేది, ఇప్పుడు కళ్లు మూసుకుంది కాబట్టి అదీ లేదు.

మేస్త్రి స్టీరింగు దగ్గర కూర్చుని బండి కదిలించాడు. రేకు గుండా ఇంజను దవడలోకి వచ్చింది, పళ్లలోకి వచ్చింది. ఈ మేస్త్రి దగ్గరికి పంపింది పెట్రోలు పోసేవాడు. చప్పుడు పట్టాలంటే చెవిటి మేస్త్రే పట్టాలండీ అంటే, ఎగతాళి చేస్తున్నాడనుకుంది. తీరా వచ్చాక మేస్త్రే ముందు చెప్పేశాడు. "నా ఎడమ చెవి ముప్పై ఏళ్ల కిందట పోయిందమ్మా, పేలిన టైరు తీసుకుపోయింది. కుడిది కొద్దో గొప్పో ఉంది. చప్పుడు వచ్చిందని ఒంటికి తెలుస్తుంది, ఏ పక్కనుంచి వచ్చిందో మాత్రం తెలీదు. పక్క చెప్పేది మీరే. నా ముందు శంఖం ఊదినా ఫర్లేదు, కుడివైపు ఊదండి చాలు." అని తనే నవ్వి, ఆమె నవ్వకపోయేసరికి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తరవాత చెప్పాడు. "ఇంకో మాట. ఒకసారి వింటే అనుమానం. రెండోసారి వింటే భయం. మూడోసారి విన్నదే చప్పుడు. మూడుసార్లు ఒకేచోట వినేదాకా నాకేం చెప్పకండి." ఇన్ని నెలలుగా ఎంతమంది ఎన్ని మాటలు చెప్పారు, డాక్టర్లు, కూతురు, మాటలు నేర్పే అమ్మాయి, ఎవరూ మూడుసార్లు వినమని చెప్పలేదు. అందరూ ఒకసారి చూసి తేల్చేసినవాళ్లే.

మొదటి స్పీడ్ బ్రేకరు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి. దిగేటప్పుడు, దబ్. మూసిన తలుపు మీద ఎవరో లోపలినుంచి గుద్దినట్టు, ఒక్కటే గుద్దు. ఏడు నెలలుగా వింటున్న చప్పుడే, కానీ ఎప్పుడూ స్టీరింగు దగ్గర కూర్చుని వినడమే, ఇలా చెవిలోకి నేరుగా రావడం ఇదే మొదలు. కాళ్ల వైపా, తల వైపా, ఏమో. దాంతోపాటు ఇంకో సన్నని చప్పుడు కూడా వచ్చింది, టింగ్ అని, గాజుది. అది సంచిలో మందు సీసా అనుకుంది. ఆయనకి ఒంట్లో బాగున్న రోజుల్లో అయితే ఈ చప్పుడు రెండురోజులు బతికేది కాదు. ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరు. వంటింట్లో మిక్సీ గొంతు మారినా పక్కగదిలోంచి వచ్చేవాడు. మనుషులు చెప్పేది సగమే వినేవాడు గానీ మరమేకు చెప్పేది పూర్తిగా వినేవాడు, ఆ మాటే అని ఎన్నిసార్లు దెప్పిందో. పక్షవాతంతో ఆయన పడిపోయాక బండిని ఇద్దరికి చూపించింది. ఒకడు వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాడు. ఇంకొకడు స్టెప్నీ బిగించి, పొగగొట్టం కట్టి, డిక్కీ తలుపుకి రబ్బరు వేసి, ఇక రాదు మేడం అన్నాడు. వీధి చివరికి వచ్చేసరికి దబ్. నోరున్నవాళ్ల జబ్బే అంతుబట్టదు, నోరులేని బండిది ఏం అంతుబడుతుంది. అనుకున్నాక నాలుక కరుచుకుంది, అప్పుడు పక్కనే ఆయన ఉన్నాడు.

నోరు ఉంది. మాటే లేదు. ఉన్నది ఒక్క మాట, "అది." ఆకలేస్తే అది. దాహమేస్తే అది. కిటికీ మూయమన్నా తెరవమన్నా అది. మొదట్లో ఆమె పరుగెత్తి అన్నీ తెచ్చి ముందు పెట్టేది, నీళ్లా, కళ్లజోడా, దుప్పటా, రేడియోనా, ఏదీ కాదు, అది. తరవాత తరవాత ఆయన అడగడం తగ్గించాడు. ఆమె తేవడం తగ్గించింది. ఎవరు ముందు తగ్గించారో ఇప్పుడు గుర్తులేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమ చెయ్యి మిగిలింది. ఆ ఎడమ చెయ్యే ఆమెకి మిగిలిన మొగుడు. ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చిన రోజున, ఇంటి మలుపులో బ్రేకరు ఎక్కి దిగి బండి దబ్ మన్నప్పుడు, గేరు మీద ఉన్న ఆమె చేతిని ఆ ఎడమ చెయ్యి వచ్చి పట్టుకుంది. పట్టుకుని బొటనవేలి గోరు మీద వేలితో ఒక్కసారి కిందకి రాసి, చేతిని గేరు పక్కన నేలవైపుకి నొక్కింది. రెండు నెలల తరవాత మనిషి తనంతట తను ముట్టుకోవడం అదే. ఆమె బండి పక్కకి ఆపి ఏడ్చింది. భయపడ్డాడు, భయపడి నన్ను పట్టుకున్నాడు, నన్ను గుర్తుపట్టాడు. మాటలు నేర్పే అమ్మాయికి చెప్తే, అలాంటివి అలవాటు కదలికలండీ, వాటికి అర్థాలు వెతుక్కుంటే మీరే బాధపడతారు అంది. ఆమె అర్థం వెతకలేదు. బ్రేకర్లు వెతికింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురికీ చెప్పలేదు. సాయంత్రాలు గాలికి తిప్పుతానని ఆయన్ని బండెక్కించి, బడి ముందు రెండు, ఆస్పత్రి వెనక మూడు, నీళ్ల ట్యాంకు రోడ్డులో వరసగా ఐదు, ఊళ్లో ఎక్కడెక్కడ బ్రేకర్లున్నాయో అన్నీ చుట్టబెట్టేది. దబ్ మనగానే ఆయన చెయ్యి వచ్చేది. గోరు మీద ఆ ఒక్క రాపు. మళ్లీ దబ్, మళ్లీ రాపు. యాభై మూడేళ్ల ఆడది మొగుడు తన గోరు ముట్టుకోవడం కోసం పెట్రోలు పోయించుకుని గతుకులు వెతుక్కుంటూ తిరుగుతోందంటే జనం ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ. బండి బాగుపడితే ఆ చెయ్యి రాదేమోనన్న భయం కూడా ఉండేది, అందుకే మూడో మెకానిక్కుకి చూపించలేదు, ఇదీ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఉదయం మాత్రం భరించలేకపోయింది. ఊరు దాటాక రోడ్డంతా గతుకులు, దబ్, దబ్, చప్పుడు ముదిరింది, బండి వెనక భాగం పక్కకి గుంజుతోంది, ఆయన ప్రతిదానికీ చెయ్యి లాగి నొక్కుతున్నాడు, అది, అది, అది, గొంతు పగిలేలా. గోరు పక్కన చర్మం చీరుకుని రక్తం వచ్చింది. ఇష్టంలేదు పోవడం, తెలిసిపోయింది ఆయనకి, అనుకుంది. వెంటనే, తెలియదు, తెలియదనే కదా రాశాను, అనుకుంది. బండి ఆపేసింది.

రాసింది తనే. బడి ఆఫీసులో పాతికేళ్లు పిల్లల ఫారాలు దిద్ది, ఒక గడి తప్పు నింపినా వెనక్కి పంపిన మనిషి, ఆ హోము ఫారం మీద అరగంట కూర్చుంది. చుట్టూ జరిగేది రోగికి తెలుస్తుందా. తెలుస్తుంది, కొంత తెలుస్తుంది, తెలియదు, మూడు గడులు. తెలిసేవాళ్లకి పై అంతస్తు, కిటికీ పక్క మంచం, రోజూ మాటల పాఠం, కానీ అక్కడ ఏడాదిదాకా ఖాళీ లేదు. తెలియనివాళ్లకి కింద పొడవాటి హాలు, మంచాల వరస, ఎదురుగా ఎప్పుడూ మోగే టీవీ, పద్నాలుగో మంచం ఖాళీ. పోయిన వారం ఆయన్ని కూడా తీసుకెళ్లి చూపించారు. కుర్చీలో కూర్చోబెట్టి హాలంతా తిప్పారు. వాకిట్లో నిలబడి కూతురు అంది, "అమ్మా, నాన్నకి ఎక్కడున్నా ఒకటేనమ్మా. నీకు మాత్రం ఒకటి కాదు. నువ్వూ పడిపోతే నేను ఇద్దర్ని ఎక్కడ పెట్టాలి." మంచి పిల్ల. కోపంతో అనలేదు, ఏడుస్తూ అంది. కుర్చీ పిడి మీద చెయ్యి ఆనించి, ఆయన తల మీదుగానే అంది.

పన్నెండు రోజుల కిందట స్నానాల గదిలో ఇద్దరూ పడ్డారు. ఆయన్ని లేపుతుంటే కాలు జారింది. కింద ఆమె, మీద ఆయన. నడుములో ఏదో పటుక్కుమంది. చెంప గచ్చుకి ఆనుకుని, ఇప్పుడు రేకుకి ఆనుకున్నట్టే, అలాగే రెండు గంటలు. గచ్చులోంచి పైగొట్టాల్లో నీళ్లు పారడం వినిపించింది, పక్కింటివాళ్ల కుర్చీ లాగడం వినిపించింది, ఆయన గుండె వీపుకి తగులుతూ వినిపించింది. అరవడానికి ఊపిరి చాలలేదు. ఒక దశలో, ఇలాగే అయిపోతే బాగుణ్ణు, ఎవరూ రాకుండా ఉంటే బాగుణ్ణు అనిపించింది. ఆ అనిపించడానికి భయపడి సంతకం పెట్టింది, నడుం నొప్పికి కాదు. చేరుస్తున్నది ఆయన బరువు మోయలేక అని అందరూ అనుకుంటున్నారు. మోయగలదు. ఆ ఆలోచనని మోయలేదు.

రెండో బ్రేకరు. దబ్. ఎడమ. కచ్చితంగా ఎడమ. తలవైపు, చక్రానికి జానెడు ముందు. టింగ్, అది కుడివైపు ఎక్కడో. చెప్పబోయి ఆగింది, మూడోసారి వినేదాకా చెప్పొద్దన్నాడు. అప్పుడు ముందు సీట్లోంచి మేస్త్రి గొంతు వినిపించింది, చెవిటివాళ్ల గొంతు కదా, కొంచెం గట్టిగానే. "ఏంటి బాబాయ్, నా వేలు పట్టుకున్నావు? అమ్మగారనుకున్నావా?" అని నవ్వి, "అమ్మా, మీ ఆయన నా గోరు రాస్తున్నాడు. నేనేమన్నా గోరింటాకు పెట్టించుకోవాలా?"

ఆమె కళ్లు తెరిచింది. రేకు, సంచి పిడి, దుమ్ములో తన ఊపిరి చేసిన చిన్న తడి మచ్చ. మేస్త్రి గోరు. గేరు మీద ఏ చెయ్యి ఉంటే ఆ చెయ్యి. రేపు పద్నాలుగో మంచం దగ్గర ఎవరుంటే వాళ్ల చెయ్యి. తనది కాదు. ఎప్పుడూ తనది కాదు. నీళ్ల ట్యాంకు రోడ్డులో ఐదు బ్రేకర్లూ, బడి ముందు రెండూ, ఆస్పత్రి వెనక మూడూ, అన్ని సాయంత్రాలూ ఆమె కూర్చున్నది ఒక అలవాటు కదలిక పక్కన. మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది, చెవిన పెట్టలేదు. ఏడుపు రాలేదు. ఒంట్లోంచి ఏదో తీసేసినట్టు, తీసినచోట గాలి ఆడినట్టు ఉంది. సరే అయితే, తేలిపోయింది, గడి సరిగ్గానే నింపాను, తొందరగా వెళ్లిపోతే ఒంటిగంటకి చేరొచ్చు, సాయంత్రం ఖాళీ ఇంటికి వెళ్లి స్నానాల గది కడిగి పడుకోవచ్చు, ఎన్ని రోజులైనా పడుకోవచ్చు, అనుకుంటుండగా మూడో బ్రేకరు వచ్చింది. దబ్. ముందు సీట్లోంచి "అది." ఆమె రేకు మీద వేలుపెట్టి, తన గొంతేనా అనిపించేంత పొడిగా చెప్పింది. "ఎడమ, మేస్త్రీ. చక్రానికి కొంచెం ముందు."

షెడ్డులో బండిని గొయ్యి మీదకి ఎక్కించాడు. కిందకి మెట్లున్న సిమెంటు గొయ్యి, పైన చక్రాలు రెండు అంచుల మీద. మీరు దిగొచ్చమ్మా అన్నాడు. దిగలేకపోయింది, నడుం పట్టేసింది, కాసేపు ఇలాగే ఉంటానంది. ఉండండి, మీ బరువు కూడా మంచిదే అన్నాడు. అలా మళ్లీ చెవి రేకుకి ఆనించి పడుకుంటే, చెవి కిందే, బెత్తెడు దూరంలో, మేస్త్రి తనలో తను మాట్లాడుకోవడం వినిపించింది. పానా తగిలిన చప్పుడు. తట్టిన చప్పుడు. ఇది గట్టిదే. ఇదీ గట్టిదే. తరవాత పైకి అరిచాడు.

"అమ్మా, ఇంతకుముందు ఇక్కడ చేసిందెవరు? మంచి పనివాడు. ప్రతి బోల్టు మీదా ఎర్ర చుక్క పెట్టుకున్నాడు. బోల్టు మీంచి రాడ్డు మీదకి ఒక గీత."

ఆమె చెవి ఇంకా గట్టిగా రేకుకి ఆనించింది.

"చుక్క పెట్టని బోల్టు ఒక్కటే ఉంది. మీరు చెప్పిన చోటే. వేలితో తిప్పితే తిరుగుతోంది. జాకీ మీద ఎత్తి చూసినవాడికి ఇది దొరకదమ్మా, బరువు మీద ఉంటేనే నోరు విప్పుతుంది. ఇంకో వంద మైళ్లు తిప్పి ఉంటే చక్రంతో సహా పక్కకి వచ్చేసేది."

ఎర్ర చుక్క. ఆయన పడిపోయిన రోజు పొద్దున అద్దం ముందు నిలబడి, నా గోళ్ల రంగు సీసా ఏదీ అని అరిచింది ఆమే. వాకిట్లోంచి నవ్వు వినిపించింది. బండి కింద దూరిన మనిషి నవ్వు. ఫ్యాక్టరీలో అదే రివాజు, బిగించినవాడు బిగించిన వెంటనే బోల్టు మీద రంగు గీత పెట్టాలి, గీత లేని బోల్టు బిగించని బోల్టే, ఎవరు ఎంత ఒట్టేసినా సరే. ఇంట్లో రంగు డబ్బా ఎండిపోతే ఆయన ఆమె గోళ్ల రంగు ఎత్తుకుపోయేవాడు. కుక్కర్ పిడికి ఎర్ర గీత, ఫ్యాను రెక్కలకి ఎర్ర గీత, కూతురి సైకిలు నిండా ఎర్ర గీతలు, నా గోళ్లకి తప్ప ఇంట్లో అన్నిటికీ రంగే అని ఆమె సాధించేది. ఆ రోజు వెనక రబ్బరు బుష్షులు మార్చి, బండిని దించి, చక్రాల మీద నిలబెట్టాకే చివరి బిగింపు బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరుగుతుంది అని చెప్పాడు కూడా, వినలేదు ఆమె. ఒకసారి పిలిచింది భోజనానికి. రెండోసారి పిలిచింది. మూడోసారి గుమ్మంలో నిలబడి, ఆ బండినే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు అంది. ఒక్కటే మిగిలిందోయ్ అన్నాడు. ఒక్కటి ఏమిటో అడగలేదు. ఆయన లేచి, చేతులు కడుక్కుని వచ్చి, కంచం ముందు కూర్చుని, రెండో ముద్ద ఎత్తాడు. ఆ ముద్ద కుడి చేతిలోంచి జారింది.

ఒక్కటే మిగిలిందోయ్. ఏడు నెలలుగా, దబ్ మన్న ప్రతిసారీ, గేరు మీద ఎవరి చెయ్యి ఉంటే వాళ్ల గోరు పట్టుకుని, బ్రష్షుతో గీసినట్టు ఒక్క గీత గీసి, కిందకి, నేలకి, నేల కింద ఉన్న బోల్టుకి చూపిస్తున్నాడు. ప్రేమ కాదు. భయం కాదు. చుక్క పెట్టని బోల్టు. ఆమె వెతుక్కుంటూ వెళ్లి గతుకుల్లో ఎక్కించిన ప్రతిసారీ ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, బోల్టు, బోల్టు అని చెప్తుంటే, ఆమె ఆ చేతిని చెంపకి ఆనించుకుని ముద్దు పెట్టుకుంది.

డిక్కీ పక్కన, జాకీ పెట్టుకునే చిన్న తలుపు. కుడివైపు టింగ్ మన్నది అక్కడే. పడుకునే చెయ్యి చాపి గోరుతో తెరిచింది. జాకీ చుట్టూ పాత గుడ్డ, గుడ్డ పక్కన సీసా. అడుగున వేలెడు రంగు, మూత దగ్గర గట్టిపడి. నడుం సంగతి మరిచిపోయి దిగింది. గొయ్యి మెట్లు ఒక్కొక్కటే దిగింది. మేస్త్రి బారెడు పానా పెట్టి వేలాడినట్టు బిగించాడు, అది కీచుమని ఆగింది, ఇంకో పావు తిరిగింది, ఆగింది. ఆమె మూత పళ్లతో లాగింది. బ్రష్షు వెంట్రుకలు అట్టకట్టాయి, సీసాలో రెండుసార్లు గుచ్చి, చేతులెత్తి, బోల్టు తల మీంచి రాడ్డు మీదకి ఒక గీత గీసింది. వంకరగా వచ్చింది. మిగతా మూడూ ఎంత తిన్నగా ఉన్నాయో పక్కనే కనిపిస్తోంది. పైనుంచి, రేకుకి అవతల, సీటులోంచి ఆయన గొంతు వినిపించింది. "అది." ఎప్పటి అది కాదు. పొలికేక కాదు. పని అయ్యాక చేతులు దులుపుకుంటూ అనే మాట. మేస్త్రి కుడి చెవి పైకి తిప్పి, "ఏమంటున్నారు?" అని అడిగాడు. "అయిందంటున్నారు," అంది ఆమె. అన్నాక గొయ్యి గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. సంతోషానికి కాదు.

బోల్టు తెలిసిన మనిషికి ఇంకా ఏమేం తెలుసు. ఎదురుగా కూర్చుని ఆమె చొక్కాలకి పేరు కుట్టిందని తెలుసు. ఒక్కొక్క చొక్కా మడిచి సంచిలో పెట్టిందని తెలుసు. పద్నాలుగో మంచం తెలుసు, మోగే టీవీ తెలుసు. నాన్నకి ఎక్కడున్నా ఒకటే అన్నది తన తల మీదుగా కూతురు అన్న మాట అని తెలుసు. స్నానాల గదిలో రెండు గంటలు, ఇలాగే అయిపోతే బాగుణ్ణు అని ఆమె అనుకోవడమే కాదు, పైకి కూడా అంది ఒకసారి, గచ్చుతో చెప్పినట్టు. అదీ తెలుసు. ఎవరూ లేరనుకుని ఆయన ముందు ఎన్ని మాట్లాడింది, ఎన్ని ఏడ్చింది, ఒకసారి చెంప మీద కొట్టింది కూడా, అన్నం ఉమ్మేశాడని. ఇల్లంతా వింటున్న మనిషిని పెట్టుకుని ఏడు నెలలు ఖాళీ ఇంట్లో ఉన్నట్టు బతికింది. తెలియదు అన్న గడిలో గీత గీసింది ఎవరు? పాతికేళ్లు ఫారాలు దిద్దిన మనిషి.

మళ్లీ రోడ్డు. మేస్త్రి చెయ్యి ఊపి, కుడి చెవి వైపు చెయ్యి పెట్టుకుని, చప్పుడు పోయిందా అన్నట్టు తలెగరేశాడు. గతుకులు వచ్చాయి. బండి లేచింది, పడింది, పత్తిమూట మీద పడ్డట్టు. చప్పుడు లేదు. బ్రేకరు వచ్చింది, లేదు. ఆమె ఎడమ చెయ్యి గేరు మీద పెట్టి ఉంచింది. ఆయన చెయ్యి రాలేదు. రాదు మరి, పనైపోయింది. తొడ మీద బోర్లా పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ చెయ్యి రాకపోవడం ఎంత పెద్దదో బ్రేకరు బ్రేకరుకీ తెలుస్తోంది. ఒంటిగంటకి ఇరవై నిమిషాలుంది. ఏదైనా మాట్లాడదామనుకుంది, క్షమించమందామనుకుంది. నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎడమకి తిరిగితే ఆ పొడవాటి హాలు. ఆయనకి తెలుసు, పోయిన వారం వచ్చాడు.

ఎడమ ఇండికేటరు వేసింది. టిక్, టిక్, టిక్. ఆయన చెయ్యి వచ్చింది. గోరు మీద ఒక్క గీత, కిందకి నొక్కుడు. అనుమానం, అనుకుంది. ఆ టిక్కుటిక్కు చప్పుడుకేమో. ఆపేసింది. చెయ్యి వదిలేశాడు. కుడి ఇండికేటరు వేసింది, అదే చప్పుడు, టిక్, టిక్, పది లెక్కపెట్టింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. మళ్లీ ఎడమ. చెయ్యి వచ్చింది, చీరుకున్న చర్మం మీదే, నొప్పి పుట్టేలా. వెనకనుంచి లారీ హారను మోగిస్తోంది. ఇంటికి తీసుకెళితే సాయంత్రానికి ఆయన్ని మంచం మీదకి ఎవరెత్తుతారు, ఈ నడుంతో స్నానం ఎలా, కూతురు ఏమంటుంది, రేపటికి నేనే పడిపోతే, మంచం ఒంటిగంటకి పోతుంది, మళ్లీ దొరకదు, దొరకదని తెలుసు. ఇండికేటరు ఆపింది. చెయ్యి వదిలాడు. లారీవాడు పక్కనుంచి తిడుతూ పోయాడు. ఆమె మూడోసారి ఎడమవైపుకి వేసి, గేరు మీద చెయ్యి కదపకుండా, కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచాక బండిని కూడలి చుట్టూ తిప్పి వచ్చిన దారినే పట్టింది. డిక్కీలో ఆయన సంచి ఒక పక్కకి దొర్లింది. జాకీ పక్కన సీసా టింగ్ మంది. అది ఏం చప్పుడో ఇద్దరికీ తెలుసు.